దారి తప్పడం నేరమెప్పుడైంది?

బాపట్ల జిల్లా మోటుపల్లి ఇప్పుడు సముద్రం ఒడ్డున ఒక మామూలు పల్లె. పదమూడో శతాబ్దంలో మాత్రం అది కాకతీయుల రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయ శాసనం ఉంది. మన చరిత్ర పుస్తకాలు దాన్ని విదేశీ వ్యాపారానికి సాక్ష్యంగా చూపిస్తాయి. చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాల మీద సుంకమెంతో అందులో ఉంది కాబట్టి ఆ చదువు తప్పేమీ కాదు. అయితే సుంకాల పట్టీకి ముందున్న మాట ఇంకా విలువైనది. ఒక ద్వీపం నుంచి మరో ద్వీపానికి బయలుదేరిన ఓడ గాలివానకు చిక్కి, దారి తప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారు. తాను మాత్రం నియమిత సుంకం తప్ప మిగిలినదంతా సొంతదారులకే వదిలేస్తానని గణపతిదేవుడు ప్రకటించాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. రాజు దయాగుణాన్ని కాసేపు పక్కన పెడదాం. ఈ శాసనం ఒక న్యాయసూత్రాన్ని ఒప్పుకుంది: సముద్రంలో మనిషి తాను అనుకున్న చోటే ఉండలేడు, గాలి ఎక్కడికి తెస్తే అక్కడికి వస్తాడు, అలా వచ్చినందుకు అతని సొత్తు మీద ఎవరికీ హక్కు పుట్టదు. పడవలో జీపీఎస్ పెట్టె వచ్చాక ఈ సూత్రానికి ఏమైందన్నదే ఈ వ్యాసం ప్రశ్న. సముద్రయానపు చరిత్రను సాధారణంగా కొలత మెరుగుపడిన కథగా చెబుతారు. ఆ కథకు ఇంకో వైపు ఉంది. ఎక్కడున్నామో తెలుసుకునే వీలు పెరిగినకొద్దీ, తెలియలేదని చెప్పుకునే వీలు తరిగిపోయింది.

గణపతిదేవుడి కాలంలో ‘తెలియక వచ్చాం’ అన్న మాటను ఎవరైనా ఎందుకు నమ్మాలి? మన తీరం తీరే అందుకు జవాబు చెబుతుంది. భీమిలి, విశాఖ వైపు కొండలు సముద్రం దాకా వచ్చేశాయి. కాకినాడ దాటి దక్షిణానికి వస్తే గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు తప్ప ఎత్తైనదేదీ కనిపించదు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల వంద మీటర్ల కొండ శిఖరం పడవలో ఉన్నవాడికి 35, 40 కిలోమీటర్ల నుంచి కనిపిస్తే, ఒడ్డున పదిహేను మీటర్ల తాటిచెట్టు పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోపే కనుమరుగవుతుంది. అంటే మోటుపల్లికో మచిలీపట్నానికో వచ్చే ఓడకు నేల కనబడేసరికి అడుగున మేట దగ్గరపడి ఉంటుంది. దీనికి తోడు ఈ తీరం వెంబడి సాగే సముద్ర ప్రవాహం ఏడాది పొడవునా ఒకే వైపు నడవదు. ఎండాకాలం ముందు నెలల్లో ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనం మొదలయ్యాక దక్షిణానికి లాగుతుంది. గంటకు ఒక నాటికల్ మైలు చొప్పున లాగే ప్రవాహం రాత్రి ఆరు గంటల్లో పడవను పదకొండు కిలోమీటర్లు పక్కకు చేరుస్తుంది. చుక్కాని పట్టినవాడికి తాను వంక లేకుండా తిన్నగా పోతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే నీళ్లూ పడవా కలిసే కదులుతున్నాయి. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ తాను మైసోలియా అన్న మన తీరానికి, అక్కడికి ఎగువన ఓడలు ఒడ్డు వదిలి సువర్ణభూమి వైపు మళ్లే చోటుకు అక్షాంశ రేఖాంశాలు అంకెల్లో రాసిపెట్టాడు. ఆయన పటంలో భారత ద్వీపకల్పమే నలిగిపోయి అడ్డంగా పడుకుంది. చోటుకు అంకె ఉన్నంత మాత్రాన ఆ చోటు తెలిసినట్టు కాదనడానికి మన తీరం మీద దొరికే అతి పాత నిదర్శనం బహుశా అదే.

అసలు చిక్కు రేఖాంశం దగ్గర. అక్షాంశం ధ్రువ నక్షత్రపు ఎత్తు నుంచో, మిట్టమధ్యాహ్నపు సూర్యుడి నుంచో తేలుతుంది. తూర్పు పడమరల దూరం తేలాలంటే కాలం తెలియాలి. కాలంలో నాలుగు నిమిషాలు ఒక డిగ్రీకి సమానం. మన డెల్టా ఉన్న పదహారో అక్షాంశం మీద ఒక డిగ్రీ రేఖాంశం అంటే 107 కిలోమీటర్లు. గడియారం ఒక్క నిమిషం తప్పితే ఓడ సుమారు 27 కిలోమీటర్లు తప్పినట్టే. మలయా నుంచో బర్మా నుంచో పడమరకు వచ్చే ఓడకు ఒడ్డు ఇంకెంత దూరమో చెప్పేది సరిగ్గా ఈ అంకే. ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసులో వేధశాల కట్టించడం వెనక ఉన్నది నక్షత్రాల మీద భక్తి కాదు, ఓడల రాకపోకల లెక్క. దాన్ని నడిపిన మైకేల్ టాపింగ్ అంతకు ముందు కోరమండల్ తీరాన్ని కొలుస్తూ తిరిగినవాడు. చివరికి 1796లో మచిలీపట్నంలోనే పోయాడు. ఆయనా, ఆయన తర్వాత గోల్డింగ్‌హామూ గురుగ్రహపు ఉపగ్రహాల గ్రహణాలు చూసి మద్రాసు రేఖాంశాన్ని తేల్చారు. అక్కణ్నుంచి తీరంలోని ఒక్కొక్క రేవుకూ అంకెలు కట్టుకుంటూ పోయారు. క్రోనోమీటరనే కచ్చితమైన గడియారమూ పటమూ ఉన్న ఓడకు దాంతో ఒక కొత్త బరువు వచ్చి పడింది. చోటు తెలుసుకునే వీలుండి తెలుసుకోని కెప్టెన్‌ను ఇన్సూరెన్సువాళ్లూ విచారణ న్యాయస్థానాలూ నిలదీసి అడగడం మొదలైంది. అయితే ఆ బరువు పెద్ద ఓడల మీదే. తెప్ప మీద వేటకెళ్లే జాలరిని ఎవరూ రేఖాంశం అడగలేదు. అతను కొండ గురుతుల మీద, నీటి రంగు మీద, బారల్లో కొలిచిన లోతు మీద ఆధారపడి వెళ్లి వచ్చేవాడు. అతని సముద్రంలో గీతలు లేవు.

గీతలు గీసింది ఇరవయ్యో శతాబ్దం. 1974లో భారత్, శ్రీలంక పాక్ జలసంధిలో సరిహద్దు ఒప్పుకున్నప్పుడు ఆ గీతను ఆరు బిందువుల్లో, డిగ్రీలు, నిమిషాలు, కొన్నిచోట్ల నిమిషంలో నూరో వంతు దాకా రాసుకున్నాయి. నిమిషంలో నూరో వంతు అంటే సుమారు 18 మీటర్లు. ఆనాడు ఆ నీళ్లలో వల వేసే వాళ్లలో ఎవరికీ తాము ఆ గీతకు ఇటున్నామో అటున్నామో 18 మీటర్ల తేడాతో కాదు కదా, వంద రెట్ల తేడాతో కూడా చెప్పే సాధనం లేదు. ప్రభుత్వాలు తాము చదవగల భాషలో చట్టం రాసుకుని, చదవలేనివాళ్ల మీద అమలు చేశాయి. ఈ అంతరాన్ని పూడ్చింది జీపీఎస్ అనే అందరూ అంటారు, అదీ నిజమే. అది మామూలు జనం చేతికి ఎలా వచ్చిందో చూస్తే మాత్రం మన ప్రశ్న ఇంకాస్త ముదురుతుంది. 1983 సెప్టెంబరు 1న యాంకరేజ్ నుంచి సియోల్ వెళ్తున్న కొరియా విమానం సోవియట్ గగనతలంలోకి జరిగిపోయింది. సహలిన్ దగ్గర దాన్ని కూల్చేశారు, 269 మంది పోయారు. తర్వాత పదేళ్లకు రికార్డర్లు బయటికొచ్చాక అంతర్జాతీయ విచారణ తేల్చిందేమంటే, ఆటోపైలట్ ఒకే దిక్కు పట్టుకుని పోతుండగా సిబ్బంది ఐదు గంటలకు పైగా గమనించలేదు. ఆ ఘటన జరిగిన నెలలోనే అమెరికా అధ్యక్షుడు రీగన్, అప్పటికింకా తయారవుతున్న సైనిక జీపీఎస్‌ను పూర్తయ్యాక లోకానికి ఉచితంగా ఇస్తామన్నాడు. ఆయన ఉద్దేశం ఏదైనా, దాని వెనక తర్కం ఇది: ఇక మీదట ఎవరూ తెలియక హద్దు దాటకూడదు. అదే తర్కం తిరగబడితే, ఇక మీదట హద్దు దాటినవాడు తెలిసే దాటాడు. ఈ తిరగేసిన వాక్యాన్ని పైకి ఎవరూ రాయలేదు. ఆచరణలో దాని బరువు మోసింది మాత్రం చేపల పడవలు.

పడవలో జీపీఎస్ చేసే పని ఏమిటో ఒకసారి విడమరచి చూడాలి, వాదమంతా దాని మీదే నిలబడుతుంది కాబట్టి. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ పరమాణు గడియారాల సమయాన్ని పంపిస్తాయి. పెట్టె ఆ సంకేతాలు ఎంత ఆలస్యంగా అందాయో కొలిచి చోటు తేలుస్తుంది. ఇక్కడ సెకనులో పది లక్షల వంతు తప్పితే మూడు వందల మీటర్లు తప్పుతుంది. టాపింగ్ కాలం నాటి లెక్కే ఇది, గడియారం మాత్రం ఆకాశానికి ఎక్కింది. సరంగు వేట చోట్లను, రేవును, మధ్యలో తిరగాల్సిన మలుపులను వే పాయింట్లుగా దాచుకుని, వాటిని వరస కలిపి రూటు చేస్తాడు. తెర మీద తర్వాతి బిందువు ఏ దిక్కున ఎంత దూరమో, పడవ నిజంగా ఏ దిక్కుకు కదులుతోందో, గీత నుంచి ఎంత పక్కకు జరిగిందో మూడూ కనిపిస్తాయి. ఇందులో రెండోదే గొప్ప మార్పు. దిక్సూచి చూపేది పడవ ముక్కు ఎటుందో, జీపీఎస్ చూపేది పడవ ఎటు పోతోందో. ప్రవాహం పక్కకు లాగుతుంటే ఈ రెండు దిక్కులూ కలవవు, ఆ తేడా చూసి సరంగు ముక్కును ఎదురు తిప్పి గీత మీద నిలుస్తాడు. వెయ్యేళ్ల పాటు కనబడని ప్రవాహం తెర మీద అంకెగా కనబడింది. మొదట్లో ఈ చూపు కావాలనే మసకగా ఉంచారు. అమెరికా సైన్యం పౌర సంకేతంలో పొరపాటు కలిపి వంద మీటర్ల దాకా తప్పేలా చేసేది. 2000 మే నెలలో అది తీసేశాక తప్పు ఇరవై మీటర్లకు దిగింది. తర్వాత పెట్టె ధరా పడిపోయింది, మరపడవల్లో అది మామూలు సామానైంది.

గుజరాత్ రేవు వేరావల్ కథ ఇక్కడే మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో పెద్ద రేవులు లేక, ఉన్న వేట చాలక, అక్కడి మత్స్యకారులు ఏటా గుజరాత్ రేవులకు వలస వెళ్లి నెలల తరబడి వేరేవాళ్ల పడవల మీద కూలికి పనిచేస్తారు. పడవకు పెద్దను తండేల్ అంటారు. 2018 నవంబరులో అలా వెళ్లిన కొందరిని పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ పట్టుకుంది. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నాక 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాతో ఈ సంగతి తెలుగువాళ్లందరి నోట పడింది. సినిమా ప్రేమకథ దారి పట్టింది, అది దాని హక్కు. చరిత్ర రాసేవాడు అడగాల్సింది మాత్రం వేరే ఉంది: ఆ పడవలు దాటాయన్న గీత ఏది? గుజరాత్, సింధు మధ్య సర్ క్రీక్ అనే తొంభై ఆరు కిలోమీటర్ల పాయ మీద వివాదం తెగలేదు. 1914లో బొంబాయి ప్రభుత్వం చేసిన తీర్మానాన్ని, దాని పటాన్ని పట్టుకుని పాకిస్తాన్ హద్దు తూర్పు గట్టున ఉందంటుంది, భారత్ నడి పాయలో ఉందంటుంది. నేల మీద హద్దు ఎక్కడ ముగుస్తుందో తేలకపోతే సముద్రంలో హద్దు ఎక్కడ మొదలవుతుందో తేలదు. అందుకని పడవలోని తెర మీద కనిపించే గీత ఇరువురూ సంతకం చేసిన గీత కాదు, పటం తయారుచేసినవాడు పెట్టిన గీత. బంగాళాఖాతంలో పరిస్థితి వేరు. 2014లో మధ్యవర్తుల తీర్పు భారత్, బంగ్లాదేశ్ హద్దును 177 డిగ్రీల 30 నిమిషాల దిక్కుగా, జీపీఎస్ వాడే భూమి నమూనా మీదే తేల్చింది. అక్కడ గీత దాటడం అంటే ఏమిటో కనీసం చెప్పగలం.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, బలమైనదే. గీత కచ్చితం కాకపోయినా ఆ ప్రాంతం ప్రమాదమని ప్రతి తండేల్‌కీ తెలుసు. పెట్టె కళ్ల ముందు ఉంది. కొందరు చేపల వెంట కావాలనే వెళ్తారు. అలాంటప్పుడు ‘తెలియక’ అనడం అబద్ధం కాదా? కొందరి విషయంలో అబద్ధమే, దాన్ని దాచి వాదించడం కుదరదు. కానీ ఒక పడవలో ఏడెనిమిది మంది ఉంటే తెర చూసేది ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు వల లాగుతుంటారు, వంట చేస్తుంటారు, నిద్రపోతుంటారు. తెలిసి దాటినా అది ఒకరి నిర్ణయం, జైలు మాత్రం అందరికీ. పైగా చోటు తెలియడం వేరు, చోటు మార్చుకోగలగడం వేరు. ఇంజను ఆగిన పడవకు తాను హద్దు వైపు కొట్టుకుపోతున్నట్టు పెట్టె నిమిషానికి నిమిషం చూపిస్తూనే ఉంటుంది. కిలోమీటరు పొడవు వల నీళ్లలో ఉన్న పడవ వలతో పాటే ప్రవాహానికి పోతుంది. గణపతిదేవుడి శాసనం చెప్పింది సరిగ్గా ఇలాంటి ఓడ గురించే. ఆ ఓడ నడిపినవాడికి తాను దారి తప్పానని తెలిసే ఉంటుంది, తెలిసీ ఏమీ చేయలేకపోయాడు. శాసనం క్షమించింది అజ్ఞానాన్ని కాదు, అశక్తతను. జీపీఎస్ తీర్చింది మొదటిదాన్నే.

అజ్ఞానాన్నైనా పూర్తిగా తీర్చిందా అంటే, 1995 జూన్‌లో బెర్ముడా నుంచి బోస్టన్ వెళ్లిన రాయల్ మెజెస్టీ అనే విహార ఓడ సంగతి చూడండి. బయలుదేరిన కాసేపటికే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. పెట్టె ఆగిపోలేదు. ఉపగ్రహాలు అందట్లేదని తెర మూలన చిన్న అక్షరాల్లో చెప్పి, వేగం, దిక్కు చూసి తానే అంచనా వేసిన చోటును చూపించసాగింది. ఆటోపైలట్ ఆ అంచనానే నమ్ముకుని రూటు మీద నడిపింది. 34 గంటల తర్వాత నాన్‌టకెట్ దగ్గర ఇసుక మేట ఎక్కేసరికి ఓడ తన దారికి 17 మైళ్లు పక్కకు జరిగి ఉంది. ఓడ నడిపే గదిలో శిక్షణ పొందిన అధికారులు, రెండో నావిగేషన్ సాధనం, రాడారు అన్నీ ఉన్నాయి. ఒక తేలుడు గుర్తు కనబడాల్సిన చోట రాడారు మీద ఏదో మెరిస్తే అదే అనుకున్నారు. అంతటి ఓడకే ఇలా జరిగినప్పుడు, ఉప్పునీటి తుంపర్లు తగిలే చెక్క గదిలో బ్యాటరీ మీద నడిచే పెట్టె ఉన్నంత మాత్రాన ఆ పడవకు తన చోటు తెలిసే ఉంటుందని తీర్మానించడం న్యాయం కాదు. చిన్నదైనా ఇంకో సంగతి: మన దేశపు పాత పటాలు సర్వేయరు ఎవరెస్ట్ కొలిచిన భూగోళం మీద గీసినవి, జీపీఎస్ లెక్క వేరే గోళం మీద. సవరణ చేయకుండా ఒకదాని అంకె రెండోదాని మీద గుర్తిస్తే వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. వేటకు అది లెక్కలోకి రాదు, గీత మీద గొడవపడేటప్పుడు వస్తుంది.

రెండో అభ్యంతరం చరిత్రకారుల వైపు నుంచి రావచ్చు. పదమూడో శతాబ్దపు రేవు శాసనాన్ని నేటి దేశాల సరిహద్దుకు పోలిక పెట్టడమేమిటి, గణపతిదేవుడికి కావలసింది వర్తకులూ సుంకమూ, ఆయనేమీ దారి తప్పినవాళ్ల హక్కుల కోసం శాసనం వేయలేదు అని. ఒప్పుకోవలసిందే. పగిలిన ఓడను దోచుకునే రేవుకు రెండో ఓడ రాదు, ఆ లెక్క ఆయనకు తెలుసు. నా వాదానికి ఇది అడ్డు కాదు, పైగా ఊతం. స్వలాభం చూసుకున్న రాజు కూడా కొట్టుకొచ్చినవాణ్నీ కావాలని వచ్చినవాణ్నీ వేరు చేయక తప్పలేదు. నేటి రాజ్యాలూ కాగితం మీద అంతే చేశాయి. సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 73వ నిబంధన, ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నియమం తప్పినవాళ్లకు, ఆయా దేశాలు వేరేగా ఒప్పుకుంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదంటుంది. పూచీకత్తు కడితే పడవనూ మనుషులనూ వెంటనే వదలాలంటుంది. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దానికి కట్టుబడ్డాయి. ఒడ్డుకు పన్నెండు నాటికల్ మైళ్ల లోపల లెక్క వేరే అయినా, దాని అవతల ఈ నిబంధనే వర్తించాలి. ఇందులో పాకిస్తాన్ ఒక్కదాన్నే తప్పు పట్టలేం, మన జైళ్లలోనూ పాకిస్తానీ జాలర్లు ఉంటారు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఇచ్చిపుచ్చుకునే ఖైదీల జాబితాల్లో జాలర్లకు వేరే వరసే ఉంటుంది. ఆరు నెలలకోసారి నింపాల్సిన వరసగా అది స్థిరపడిందంటే, 73వ నిబంధన ఎంత అమలవుతోందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ చిక్కుకు మన ప్రభుత్వాల జవాబు మరిన్ని పెట్టెలు. శ్రీహరికోట నుంచి 2013 మొదలుకొని ఎగిరిన ఉపగ్రహాలతో మనకంటూ జీపీఎస్ లాంటి నావిక్ వ్యవస్థ ఏర్పడింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను అక్షాంశ రేఖాంశాలతో సహా పంపుతోంది. 2019లో వచ్చిన జెమిని పరికరం తుపాను హెచ్చరికలను నడిసముద్రంలోకి చేరవేస్తోంది. 2024లో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే పథకం మొదలైంది, హద్దు దగ్గరపడితే అవి మోగుతాయి. ప్రాణాలు కాపాడే పనిముట్లు ఇవి, వీటిని వద్దనేవాడు సముద్రం ఎరగనివాడు. పాత గురుతుల విద్య ఎంత ముచ్చటైనదైనా, మబ్బు కమ్మిన రాత్రి అది ఎంతమందిని ఒడ్డు చేర్చలేదో తీరపల్లెల ముసలమ్మలకు తెలుసు. అయితే హెచ్చరిక మోగే ప్రతి పెట్టె, మోగినా వినలేదన్న నేరాన్ని కూడా మోసుకొస్తుంది. ఆ నేరం నిజమో కాదో తేల్చగల సాక్ష్యం విచిత్రంగా అదే పెట్టెలో ఉంటుంది. జీపీఎస్ పడవ నడిచిన జాడను బిందువు బిందువుగా దాచుకుంటుంది. ఇంజను వేగంతో తిన్నగా హద్దు దాటి వే పాయింటు వైపు పోయిన జాడ ఒకలా ఉంటుంది, గంటకు ఒక మైలు చొప్పున ప్రవాహం దిక్కుకే జరిగిపోయిన జాడ ఇంకోలా ఉంటుంది. కాస్త అనుభవం ఉన్న ఏ సరంగైనా రెంటినీ చూసి చెప్పగలడు. గణపతిదేవుడి సుంకాధికారుల చేతిలో పగిలిన చెక్కలు తప్ప వేరే రుజువు లేదు, అయినా వాళ్లు తేడా చూడాల్సి వచ్చింది. ఇప్పుడు రుజువుంది. కాకపోతే మనుషులు వాఘా మీదుగా నేల దారిన ఇల్లు చేరతారు. పట్టుబడ్డ పడవలు చాలావరకు పట్టుకున్న దేశపు రేవులోనే ఉండిపోతాయి, వాటితో పాటే ఆ పెట్టెలూ.